లక్షా అరవై వేలతో బోర్డుల షాపు: ఏం కొన్నాం, ఏం మానేశాం

ఫిబ్రవరి 9, ఆదివారం

చేతిలో ఉన్నది లక్షా అరవై వేలు. అందులో లక్ష నా పీఎఫ్, మిగతాది చిట్టీ పాడుకుంటే వచ్చింది. ఇంకెక్కడి నుంచీ రూపాయి రాదు అనుకునే నేనూ తమ్ముడూ షాపుల పేరు బోర్డులు చేసే ఈ పని మొదలుపెడుతున్నాం. ముద్ర లోను అడగమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అందులో శిశు రకం కింద 50,000 దాకా ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. కానీ ఒక్క బోర్డు కూడా కట్టకముందే కిస్తీ కట్టడం నాకిష్టం లేదు. అవసరమైతే తర్వాత చూద్దాం.

నేను తొమ్మిదేళ్లు డీటీపీ ఆపరేటర్‌ని. ఫ్లెక్స్ షాపులో కూర్చుని పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి, పార్టీ బ్యానర్లు చేశాను. 2024 మార్చి 15 నుంచి తెలంగాణలో కొత్త బండ్ల నంబర్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది, తర్వాత ఆఫీసు బోర్డుల వంతు వచ్చింది. అప్పుడు కొన్ని వారాలు ఆ ఒక్క అక్షరం మార్చడమే నా ఉద్యోగం. తమ్ముడు ఎలక్ట్రీషియన్. బోడుప్పల్‌లో మా అత్తగారింటి ముందు షట్టరు ఒకటి ఖాళీగా ఉంది. పది అడుగుల వెడల్పు, పద్నాలుగు లోతు. అద్దె లేదు, కరెంటు బిల్లు మాత్రం మాదే.

క్యాలెండరు వెనక కావలసినవన్నీ రాశాం: ప్రింటర్, లామినేషన్ మెషిన్, స్టిక్కర్ షీట్లు కోసే కటింగ్ ప్లాటర్, లేజర్ కటర్, గట్టి షీట్లు కోసే చిన్న సీఎన్‌సీ రౌటర్, డ్రిల్లు, నిచ్చెన. తెలిసినవాళ్లు చెప్పిన ధరలన్నీ కూడితే ఎనిమిది లక్షలు దాటింది. తమ్ముడు లిస్టు చూసి, "అక్కా, షట్టరు కూడా అమ్ముదామా?" అన్నాడు.

అందుకే ఇంకో కాగితం తీశాను. మధ్యలో గీత గీసి, హైదరాబాద్‌లో డబ్బులిస్తే ఎవరైనా చేసిపెట్టే పని ఎడమ పక్క, చేసిపెట్టనిది కుడి పక్క రాశాను. ఎడమ పక్క నిండిపోయింది. కుడి పక్క రెండే మిగిలాయి. ఒకటి, తెలుగు అక్షరం తప్పు లేకుండా శుభ్రంగా కోయడం. రెండోది, బోర్డు మోసుకెళ్లి గోడకు సాఫుగా బిగించడం. ఉన్న డబ్బు ఆ రెండింటికే అనుకున్నాం. తమ్ముడికి లేజర్ మీద ఆశ మాత్రం ఇంకా ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

వారమంతా తిరుగుడే.

పది అడుగుల ఫ్లెక్స్ మెషిన్ సంగతి ఎక్కువ మాట్లాడుకోనక్కర్లేదు, అది మా షట్టర్లో పట్టదు. చిన్న ఎకో సాల్వెంట్ ప్రింటర్ దగ్గరే మనసు లాగింది. మాకు చెప్పిన ధర మూడు లక్షలు. దాని హెడ్, అంటే ఇంకు చిమ్మే భాగం, సంగతి నాకు పాత షాపులోనే తెలుసు. వరసగా కొన్ని రోజులు ప్రింటు తీయకపోతే ఇంకు ఎండి నాజిల్స్ మూసుకుపోతాయి. తర్వాత క్లీనింగ్ కొట్టి కొట్టి, కొన్న ఇంకులో కొంత వేస్ట్ ట్యాంకులోకే పోతుంది. పొలంలో పని లేకపోయినా ఎద్దుకు గడ్డి వేయాల్సిందే కదా, అలాంటిది.

సరే, లెక్క వేద్దామని కూర్చున్నాను. బయట జాబ్ వర్క్‌కి ఇవ్వకుండా మేమే ప్రింట్ తీస్తే చదరపు అడుగుకు మహా అయితే పదిహేను రూపాయలు మిగులుతాయి. మూడు లక్షలు తిరిగి రావాలంటే ఇరవై వేల చదరపు అడుగులు వేయాలి. ఒక 8×4 బోర్డు 32 చదరపు అడుగులు, అంటే 625 బోర్డులు. రోజుకొకటి పడినా ఇరవై నెలలు దాటుతుంది, అది కూడా ఆదివారాలు కలుపుకుని. ఈలోగా హెడ్ పోతే మళ్లీ మొదటికి. నాకు తెలిసిన షాపుల వాళ్లు పొద్దున ఫైలు పంపితే సాయంత్రానికి ప్రింటు ఇస్తారు. మందం మాత్రం నేనే అడిగి తీసుకుంటాను. 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి నిషేధించారు, అయినా అడగకపోతే పల్చటిది అంటగట్టేవాళ్లు లేకపోలేదు.

లేజర్ డెమోకి తమ్ముణ్ణి తీసుకెళ్లాను, లేకపోతే జీవితాంతం అంటాడు. 600×900 మిల్లీమీటర్ల బెడ్డు, సీఓటూ ట్యూబు, పక్కన దాన్ని చల్లబరిచే చిల్లరు, వెనక పొగ గొట్టం. మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్‌లో ఒక నెమలి కోసి చూపించారు. అంచు గాజులా మెరిసింది, నిజంగానే ముద్దొచ్చింది. తమ్ముడు నెమలిని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నేను సంచిలోంచి సన్‌బోర్డు ముక్క తీశాను. "ఇది కూడా కోస్తుందా?" అంటే, "అన్నీ కోస్తుంది మేడమ్" అన్నారు అక్కడివాళ్లు.

అక్కడే నాకు మనసు విరిగింది. సన్‌బోర్డు అంటే పీవీసీ ఫోమ్. వినైల్ స్టిక్కరూ పీవీసీయే. లేజర్ తగిలి పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తేమ తగిలితే యాసిడ్. మెషిన్ పట్టాలు తుప్పు పడతాయి, లెన్సు పాడవుతుంది, పీల్చినవాడి ఊపిరితిత్తుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మా పనిలో ముప్పాతిక భాగం వినైల్, సన్‌బోర్డు. అంటే ఆ మెషిన్ అక్రిలిక్‌కి, కాస్త చెక్క నారతో చేసే ఎండీఎఫ్‌కి మాత్రమే పనికొస్తుంది. అక్రిలిక్ అక్షరాలు నిమిషానికి ఇంత అని లెక్కగట్టి కోసిచ్చేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. బయటికొచ్చాక తమ్ముడు నెమలిని జేబులో పెట్టుకుని, "పోనీ, ఇదన్నా ఫ్రీగా వచ్చింది" అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ప్లాటర్ కొన్నాం. ఇది కొంచెం వివరంగా రాసుకుంటాను.

24 అంగుళాల కటింగ్ ప్లాటర్లు మూడు రకాలు చూశాం. షాపులో డెమో ఇస్తే సీతాకోకచిలుకో, ఇంగ్లీషులో 'సేల్' అనో కోసి చూపిస్తారు. అవి ఏ మెషిన్ మీదైనా బాగానే వస్తాయి. అందుకే నా పెన్‌డ్రైవ్‌లో నా ఫైలే తీసుకెళ్లాను: 'శ్రీ', 'లక్ష్మీ', 'ఠ', పది మిల్లీమీటర్ల ఎత్తులో ఒక ఫోను నంబరు, చివర ఆరడుగుల పొడుగు దీర్ఘచతురస్రం. వినైల్ కూడా మీటరు మా ఇంటి నుంచే. దీర్ఘచతురస్రానికి బ్లేడు బదులు పెన్ను బిగించి ఒకే గీత మీద మూడుసార్లు నడిపించమన్నాను. షీటు పక్కకు జారుతుందా లేదా అనేది ఆ మూడు గీతలే చెప్పేస్తాయి.

29,000 చెప్పిన కొత్త చైనా మెషిన్ మీద మూడో గీత మొదటిదానికి రెండు మిల్లీమీటర్ల అవతల పడింది. ఫోను నంబరులో 8కి నడుము వంకరపోయింది. అది స్టెప్పర్ మోటారు. చెప్పినన్ని అడుగులు వేస్తుంది గానీ మధ్యలో కాలు జారితే దానికే తెలియదు. సర్వో మోటారు అయితే తానెక్కడుందో ఎన్‌కోడర్‌తో చూసుకుంటూ నడుస్తుంది. శబ్దం కూడా తక్కువ. 38,000 మెషిన్‌కి గుర్తులు చూసి కోసే కన్ను ఉంది, బయట ప్రింటు చేయించిన స్టిక్కర్ల అంచు కోయడానికి పనికొస్తుంది. అయినా అదీ స్టెప్పరే. జపాన్ వాళ్ల రోలాండ్, గ్రాఫ్‌టెక్ కొత్తవి లక్ష పైమాటే. నగల షాపులోలా చూసి వచ్చేశాం.

చివరికి దొరికింది రామంతాపూర్ వైపు మూసేస్తున్న ఒక రేడియం స్టిక్కర్ల షాపులో. జపాన్ తయారీ సర్వో, వయసు ఏడేళ్లు. ఆ షాపు ఆయన సంపాదన అంతా నంబర్ ప్లేట్ల మీదే ఉండేదట. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు కంపెనీ నుంచే హై సెక్యూరిటీ ప్లేట్లు రావడం మొదలయ్యాక గిరాకీ ఏటేటా తగ్గుతూ వచ్చింది. కర్రీ పాయింట్ పెడతానన్నాడు. అరవై వేలు చెప్పాడు.

సెకండ్‌హ్యాండ్ ప్లాటర్లో నేను చూసినవి ఇవీ. బ్లేడు కింద పొడుగ్గా ఒక తెల్ల స్ట్రిప్పు ఉంటుంది, దాని మీద గోరు పెట్టి లాగితే చాలా చోట్ల తట్టింది. బ్లేడు లోతు ఎక్కువ పెట్టి వాడారన్నమాట. షీటును నొక్కిపట్టే రబ్బరు చక్రాలు రెండు ఒక పక్క చదునైపోయాయి. నెలల తరబడి లివరు దించే ఉంచితే అంతే. కింది గరుకు రోలర్లు మాత్రం బాగున్నాయి, అవి పోతే ఖర్చు ఎక్కువ. నా ఫైలు పెట్టి నడిపితే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒకే గీత అనుకునేలా.

"పాత మెషినే కదా అన్నా, తగ్గించుకో" అని ఒకటికి నాలుగుసార్లు అన్నాను. 46,000కి ఒప్పుకున్నాడు. వాడగా మిగిలిన రేడియం షీట్లు రెండు ఊరికే ఇచ్చాడు.

మార్చి 1, శనివారం

స్ట్రిప్పు, రెండు రబ్బరు చక్రాలు, కొత్త బ్లేడు హోల్డరు, అయిదు బ్లేడులు, అన్నీ కలిపి 4,800. బిగించి 'ఠ' కోశాను. పీకితే రాలేదు. సున్నా పూర్తిగా మూసుకోలేదు, మొదలుపెట్టిన చోటుకీ ఆగిన చోటుకీ మధ్య వెంట్రుకవాసి సందు. వినైల్ అక్కడ పట్టుకుని సాగింది. 'ర' అంతే, 'ం' అంతే. ఇంగ్లీషు 'హెచ్' కోస్తే మూలలు కాస్త గుండ్రబడ్డాయి తప్ప చక్కగా ఊడి వచ్చింది.

రాత్రి పదకొండు దాకా మెషిన్‌నీ, అమ్మిన ఆయన్నీ తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. ప్లాటర్ బ్లేడు మొన హోల్డరు మధ్య గీతలో ఉండదు, కొంచెం వెనకబడి ఉంటుంది. సూపర్‌మార్కెట్ ట్రాలీ ముందు చక్రం ఇరుసు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది చూడండి, అలా. ఆ వెనకబాటు ఎంతో మెషిన్‌కి చెప్పాలి, దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. నేను కొన్నవి రోలాండ్ రకం బ్లేడులు, వాటికి 0.25 మిల్లీమీటర్లు. మెషిన్‌లో పాత బ్లేడుకు పెట్టిన అంకె అలాగే ఉంది. మార్చి మళ్లీ కోస్తే 'ఠ' పూర్తిగా మూసుకుంది. గుండ్రని అక్షరాల భాష కాబట్టి ఆఫ్‌సెట్ తప్పితే మొదటి అక్షరంలోనే దొరికిపోతుంది.

లోతు సంగతి కూడా ఇక్కడే రాసుకోవాలి. వినైల్ తెగాలి, వెనక కాగితం మీద గీత లీలగా కనపడాలి, కాగితం తెగకూడదు. బ్లేడు హోల్డరులోంచి ఎంత బయటికి రావాలంటే, వేలి కొసతో తడిమితే తగిలీ తగలనట్టు ఉండాలి. మామూలు వినైల్‌కి 45 డిగ్రీల బ్లేడు. మందపాటి రేడియం షీటుకి 60.

ఇంకో తలనొప్పి: కోస్తూ కోస్తూ మధ్యలో యూఎస్‌బీ కనెక్షన్ పోయేది. తమ్ముడు టెస్టరు పెట్టి చూసి, "ఏందక్కా, మీ షట్టరుకు ఎర్తే లేదు" అన్నాడు. రోలు విప్పుకుంటూ వినైల్ రాసుకుంటే స్టాటిక్ పుడుతుంది, అది పోయే దారి లేదు. 2,200 పెట్టి ఎర్త్ పిట్ వేశాం. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు.

మార్చి 8, శనివారం

ఫాంట్ల పని. తొమ్మిదేళ్లుగా నా వేళ్లు అను ఫాంట్ల కీబోర్డుకే అలవాటు. ప్రింటుకు అవి బంగారం. కటింగుకు మాత్రం ప్రాణం తీస్తాయి, ఎందుకంటే అందులో అక్షరం ముక్కలుగా ఉంటుంది: తలకట్టు వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. తెర మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కలిసినట్టే కనపడతాయి. ప్లాటర్ మాత్రం ప్రతి ముక్క చుట్టూ విడివిడిగా కోస్తుంది. 'లక్ష్మీ' కోసి పీకితే గుడిదీర్ఘం ఒక చోటికి, వత్తు ఒక చోటికి, అక్షరం ఒక చోటికి పోయింది. ఫోన్లలో వాడే యూనికోడ్ ఫాంట్లలోనూ వత్తులు అక్షరానికి తగిలే చోట ఇదే గొడవ, కాకపోతే తక్కువ.

మందు ఒకటే, కోసే ముందు ముక్కలన్నీ కలిపి ఒకే ఆకారం చేయడం. కోరెల్‌డ్రాలో వెల్డ్ అంటారు, ఇంక్‌స్కేప్‌లో యూనియన్. ఒరిజినల్ కోరెల్ కొనే స్తోమత ఇప్పుడు లేదు, క్రాక్ కాపీతో సొంత షాపు తెరవాలని లేదు, అందుకే ఇంక్‌స్కేప్ నేర్చుకుంటున్నాను. డబ్బు పెట్టక్కర్లేదు, యూనికోడ్ తెలుగు చక్కగా చూపిస్తుంది. ముందు అక్షరాలను గీతల ఆకారంగా, అంటే పాత్‌గా మార్చి, యూనియన్ కొట్టి, అవుట్‌లైన్ వ్యూలో చూడాలి. లోపల అడ్డంగా ఒక్క గీత మిగిలినా అక్కడ కత్తి పడుతుందని అర్థం. అప్పుడప్పుడు జాయింట్ల దగ్గర బియ్యపు నూక సైజు ముక్కలు మిగులుతాయి, వెతికి తీసేయాలి.

బోర్డుకు ఫాంట్లంటే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో నాకు రామభద్ర నచ్చింది. లావుగా, దూరం నుంచి కనపడేలా ఉంటుంది. కింది లైనుకు మండలి. వ్యాపారానికి వాడుకున్నా అడ్డు లేని లైసెన్సే. ఇంకో లాభం ఏంటంటే, గిరాకీలు వాట్సాప్‌లో పంపిన పేరును అలాగే కాపీ చేసి పెట్టుకోవచ్చు. అనులో అయితే మళ్లీ టైపు కొట్టాలి, కొట్టిన ప్రతిసారీ ఒక దీర్ఘం ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

మార్చి 9, ఆదివారం

ఎర్రగడ్డ సంత. నాలుగడుగుల స్టీలు స్కేలు, రెండు సీ క్లాంపులు దొరికాయి. గ్రైండరు కూడా చవగ్గా చూపించాడు గానీ ఆన్ చేస్తే కాలిన వాసన. వదిలేశాం.

మార్చి 12, బుధవారం

రాణీగంజ్. హ్యామర్ డ్రిల్లు, నాలుగంగుళాల గ్రైండరు, జిగ్‌సా, రివెట్ గన్, మూడు రకాల బిట్లు, అన్నీ కలిపి 11,400. జిగ్‌సా అవసరమా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. ఏసీపీ షీటును, అంటే మధ్యలో ప్లాస్టిక్ ఉన్న అల్యూమినియం షీటును, కత్తితో గీసి విరిచేయొచ్చు, నిజమే. కానీ గుండ్రంగా కోయాలంటే అదే కావాలి.

అసలు గొడవంతా నిచ్చెన దగ్గర. అల్యూమినియం నిచ్చెన సగం ధరకు వస్తుంది, తేలిక, ఆటో మీద వేసుకుని పోవచ్చు. నేను దానికే మొగ్గాను. తమ్ముడు వినలేదు. "మన గల్లీలల్ల షాపు ముందర తలెత్తి చూడక్కా. కేబుల్ వైరు, ఇంటర్నెట్ వైరు, అండ్ల కరెంటు వైరు ఏదో నీకు తెలుస్తదా? నేను ఎక్కేది దీని మీద." కరెంటు పాకని ఫైబర్ నిచ్చెన 11,500. డ్రిల్లు, గ్రైండరు, జిగ్‌సా, రివెట్ గన్, బిట్లు అన్నీ కలిపినా అంతకన్నా తక్కువే. ఆ మాట పైకి అనబోయి ఆగిపోయాను. పైకెక్కేది వాడు.

మార్చి 18, మంగళవారం

కోఠి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్. ఎల్ఈడీ మాడ్యూళ్లు, వాటికి 12 వోల్టుల కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లు.

ఇది తమ్ముడి రాజ్యం, నేను సంచి పట్టుకున్నాను. ఒక శాంపిల్ లైటు డబ్బా చేసి షాపు ముందు పెట్టాలని అనుకున్నాం. నాలుగడుగులు, రెండడుగులు, లోతు అయిదు అంగుళాలు, ముందు పాల రంగు అక్రిలిక్. మాడ్యూళ్ల మధ్య దూరం దాదాపు డబ్బా లోతంతే ఉండాలట, ఇంకా ఎడంగా పెడితే బయటికి చుక్కలు చుక్కలుగా కనపడతాయి. అలా వరుసకు పది, అయిదు వరుసలు, యాభై మాడ్యూళ్లు. ఒక్కోటి 1.2 వాట్లు, మొత్తం 60 వాట్లు. "అయితే 60 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలుగా?" అన్నాను. వాడు నవ్వాడు. ఎండకు వేడెక్కే డబ్బాలో దాన్ని నిండా లోడు మీద నడిపితే ఎక్కువ రోజులు నిలవదు, పాతిక శాతమైనా వెసులుబాటు ఉండాలి. అంటే 75, ఆ పైన మార్కెట్లో దొరికేది 100. అదే కొన్నాం.

యాభై మాడ్యూళ్లూ ఒకే గొలుసుగా కడితే 12 వోల్టులు చివరికి చేరేసరికి తగ్గిపోయి ఆఖరివి మందగిస్తాయి. వాడు మూడు ముక్కలు చేసి, ప్రతిదానికీ ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు లాగాడు. పాత షాపులో ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటిగా ఉండే బోర్డులు ఎన్ని వెళ్లాయో ఇప్పుడు గుర్తొస్తోంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని పదింటికల్లా మొదటి బోర్డు బిగించాం. పేరు ఎందుకులెండి, ఉప్పల్ దారిలో ఒక టిఫిన్ సెంటరు. ఎరుపు ఏసీపీ మీద తెల్ల వినైల్ అక్షరాలు.

మొదటి తప్పు కొలతలోనే. వాళ్లకు ఎనిమిది అడుగుల బోర్డు అని తమ్ముడు రాసుకొచ్చాడు, ఏసీపీ షీటు కూడా 8×4 కదా అని ధైర్యంగా ఒప్పుకున్నాం. అంచులు నాలుగు వైపులా అంగుళం చొప్పున వెనక్కి మడవాలని అప్పుడు తట్టలేదు. మడిచాక మిగిలింది ఏడడుగుల పది అంగుళాలు. గోడ మీద రెండు పక్కలా అంగుళం చొప్పున పాత బోర్డు మచ్చ కనపడుతుంది. చివరికి ఆ అంగుళం మేర గోడకు రంగేసి ఇచ్చాం.

రెండోది అక్షరాల సైజు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని ఇంగ్లీషు అక్షరాలకు ఒక మోటు లెక్క ఉంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు స్థలం తినేస్తాయి. ఇరవై నాలుగు అంగుళాల లైను ఇస్తే అసలు అక్షరానికి దక్కింది పన్నెండే. డిజైన్‌ను కాగితం మీద తీసి షట్టరుకు అతికించాను. ఎదురు సందులో ఒక పెయింటర్ తాత ఉన్నాడు, ఫ్లెక్సులు రాకముందు ఈ ఏరియాలో షట్టర్లన్నీ ఆయనే రాసేవాడట. చూసి, "బిడ్డా, రోడ్డు అవతలికి పోయి చదువు" అన్నాడు. వెళ్లి చూస్తే 'శ్రీ'కి, పేరుకి మధ్య సందు ఎక్కువై రెండు షాపుల బోర్డుల్లా ఉంది. తెర మీద సమానంగా పెట్టిన సందు దూరం నుంచి సమానంగా కనపడదు. ఆయన చెప్పినట్టు కళ్లతోనే సర్దాను, స్కేలు పక్కన పెట్టి.

ఖర్చు: ఏసీపీ 2,200, మడతల గాడి బయట సీఎన్‌సీ మీద కొట్టించడానికి 400, ఇనుప ఫ్రేము వెల్డింగుతో 1,900, వినైల్ 900, స్క్రూలు, ఫాస్ట్‌నర్లు, సిలికాన్ 350, ట్రాలీ ఆటో 500. మొత్తం 6,250. బిల్లు 9,500. వాళ్లు ముందు ఫ్లెక్స్ ధర చెప్పి బేరమాడారు. రెండు ఎండాకాలాలు దాటిన ఫ్లెక్స్ ఒకటి ఎదురుగానే వేలాడుతుంటే చూపించాను.

ఏప్రిల్ 13, ఆదివారం

దెబ్బ తిన్నాం. ఒక సెలూన్ అద్దం తలుపుకు వినైల్ అంటించాలి, పడమర ముఖం. ఓనరు మధ్యాహ్నం రెండింటికే రమ్మన్నాడు, సరే అన్నాను. అద్దం మీద చెయ్యి పెడితే కాలింది. సబ్బు నీళ్లు కొట్టి అంటిస్తే కాస్త అటూ ఇటూ జరుపుకునే వీలుండాలి, నీళ్లు కొట్టిన నిమిషంలోనే ఆరిపోయాయి. వినైల్ మెత్తబడి సాగింది, జిగురు తగిలిన చోటే పట్టేసింది. 'హెయిర్' అన్న మాట ఎక్కుతూ పోయి కొండెక్కింది. పైగా అక్షరాలను ఎత్తి అంటించే మాస్కింగ్ టేపు లాగితే రెండు సున్నాలు టేపుతోపాటే ఊడొచ్చాయి. అంతా గీకి, అద్దం తుడిచి, మర్నాడు పొద్దున ఆరున్నరకు మళ్లీ కోసి అంటించాం. వినైల్ ఏడువందలు, పూట పని నీళ్లపాలు. ఇక నుంచి ఎండాకాలం అద్దం పని పొద్దున ఎనిమిది లోపే అని గోడ మీద రాసిపెట్టాను.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇప్పటిదాకా పెట్టింది: ప్లాటర్, రిపేరుతో 50,800. ఎర్తింగ్ 2,200. వినైల్ అయిదు రంగులు 14,000, మాస్కింగ్ టేపు రోలు 1,800. రాణీగంజ్ సామాను 11,400. నిచ్చెన 11,500. హీట్ గన్, స్క్వీజీలు, కత్తులు, ఎర్రగడ్డ స్కేలు అన్నీ 4,500. లైటు సామాను 6,300. 8×4 ప్లైవుడ్ బల్ల 7,500. సరిగ్గా లక్షా పది వేలు.

మిగిలిన యాభై వేలకు ఏదో ఒకటి కొందామని ఇంట్లో అందరికీ ఉంది. నేను ముట్టుకోనివ్వడం లేదు. ఏసీపీకి, ఇనుముకు రొక్కం కట్టాలి. గిరాకీ సగం అడ్వాన్సు ఇచ్చి మిగతా సగానికి "రేపు రండి" అంటాడు. ఆ రేపు వచ్చేలోపు ఇంకో బోర్డుకు సామాను తేవాలి. ఇప్పటికి ఎనిమిది బోర్డులు చేశాం, మూడింటి బాకీ ఇంకా రావాలి. తమ్ముడు మాత్రం రోజూ రాత్రి లేజర్ వీడియో ఒకటి పంపుతూనే ఉన్నాడు.

సాయంత్రం షట్టరు దించబోతుంటే మెషిన్ అమ్మిన ఆయన వచ్చాడు. లోపలికొచ్చి ముందు స్ట్రిప్పు మీద గోరు పెట్టి లాగాడు. "కొత్తది వేసినారా" అని, లివరు ఎత్తి ఉందో లేదో కూడా చూశాడు. కర్రీ పాయింట్ అద్దానికి పేరు కావాలట, కింద 'పప్పు, సాంబారు, వేపుళ్లు' అని. పన్నెండు వందలు చెప్పాను.

"పాత మెషినే కదా మేడమ్, తగ్గించుకోండి" అన్నాడు.

తొమ్మిది వందలకు ఒప్పుకున్నాను. ఆయనది తూర్పు ముఖం అద్దం, రేపు పొద్దున ఆరింటికే వెళ్లాలి.